నల్ల పావుల వైపు

సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటకు మిషన్లు రెండూ ఆగాయి. మిషన్ల మీద కూర్చునే అన్నదమ్ములిద్దరూ భోజనానికి ఇంటికి వెళ్లారు. మాస్టారు కత్తెరను పక్కన పెట్టి, సగం కత్తిరించిన కోటు గుడ్డను సుద్ద గీతలు చెరగకుండా మడిచి, కటింగ్ బల్ల చివర ఒక మూర జాగా చేశాడు. ఆ జాగాలో చదరంగం అట్ట పరిచేలోపే కండక్టరు ఆదివారం పేపరు చంకలో పెట్టుకుని దిగాడు. ఆయన వెనకే పక్క షాపులోంచి కళ్లద్దాలాయన, అద్దం తుడిచే మెత్తటి గుడ్డ చేత్తో పట్టుకుని అలాగే వచ్చాడు.

కండక్టరు బస్సు దిగి ఆరేళ్లయింది. గొంతు మాత్రం ఇంకా వెనక సీటు దాకా వినిపించేలాగే ఉంటుంది.

"చూశావా మాస్టారూ, గ్రాండ్‌మాస్టరు దెబ్బ! ఆ కుర్రాడు చేతులెత్తేశాడు."

పేపర్లో ఆదివారం, బుధవారం చదరంగం శీర్షిక వస్తుంది. ఈసారి పెద్ద టోర్నమెంటు చివరి రౌండు ఆట వేశారు. బొమ్మ కింద రెండు వాక్యాలున్నాయి: తెల్ల బంటు చివరి గడి చేరి మంత్రి అయింది, నల్లవాటితో ఆడే యువకుడు ఓటమి ఒప్పుకున్నాడు. ఇక్కడి నుంచి తెల్లవారు ఎన్ని ఎత్తుల్లో ఆట కట్టిస్తారు?

కళ్లద్దాలాయన బొమ్మ చూసి ఒక్కొక్క పావూ పెట్టాడు. తెల్లవాటికి రాజు, కొత్తగా పుట్టిన మంత్రి, రెండు బంట్లు. నల్లవాటికి మూలన ఇరుక్కున్న రాజు, ఎదురుగా తెల్ల బంటు అడ్డం నిలిచి కదలలేని ఒక బంటు, ఒక ఏనుగు. అంతే.

"నాలుగు ఎత్తులు," అన్నాడు కళ్లద్దాలాయన.

"ఐదు. మధ్యలో ఏనుగు అడ్డొస్తుంది కదయ్యా."

"అడ్డొస్తే కొట్టేస్తాం. నాలుగే."

"సరే, నాలుగో ఐదో. అసలు మధ్యలో లేచిపోవడమేంటంటాను? నేనైతే ఆఖరి స్టాపు దాకా దిగను."

"నువ్వు దిగవులే. నిన్ను దింపేవాడు పుట్టాలి."

ముగ్గురూ నవ్వారు. మాస్టారు తెల్ల మంత్రిని అటూ ఇటూ జరిపి చూసి, నాలుగేనన్నాడు. కండక్టరు ఒప్పుకోలేదు. అరగంట సేపు నాలుగా ఐదా అని అరుచుకున్నారు. ముగ్గురూ బల్లకు ఒకే వైపు, తెల్ల పావుల వెనకాల కూర్చున్నారు. మిషన్ల కుర్చీలున్నది ఆ వైపే.

బల్లకు అవతల గుమ్మం పక్క స్టూలు మీద కాజాలమ్మ కూర్చుంది. ఆమె భోజనం ఎప్పుడూ పది నిమిషాల్లో అయిపోతుంది. మిగతా వాళ్లు తిరిగొచ్చేలోపు ఒక చొక్కా కాజాలన్నీ పూర్తి చేస్తుంది. దారానికి మైనం రాసి, గాటు చుట్టూ ఒక్కో కుట్టుకీ ఒక్కో ముడి వేస్తూ పోతుంది. షాపుకొచ్చే కోట్లకు మిషను కాజాలు ఒప్పుకోని వాళ్లు ఇంకా ఉన్నారంటే అది ఆమె చేతి వల్లే.

వాదన తెగకుండానే ఇద్దరూ లేచి వెళ్లిపోయారు. మాస్టారు పావులు తీయబోతున్నాడు.

"మాస్టారూ."

"ఊఁ," అన్నాడాయన. నల్ల కోటు గుండీలు ఇంకా రాలేదని అడుగుతుందనుకున్నాడు.

"ఆ నల్ల ఏనుగుని తీసుకెళ్లి తెల్ల రాజు పక్కన పెట్టేస్తే?"

మాస్టారు తలెత్తి చూశాడు. ఆమె సూది ఆపలేదు.

"పక్కన పెడితే రాజు కొట్టేస్తాడు కదమ్మా."

"కొట్టనివ్వండి."

పిల్లల మాటకు తలూపినట్టు నవ్వుతూనే ఆయన ఏనుగును పెట్టాడు. చెక్. తెల్ల రాజుతో దాన్ని కొట్టాడు. ఇప్పుడు నల్లవారి వంతు. రాజును కదపబోయాడు. పక్క గడి మంత్రి చూపులో ఉంది. ఇటు గడి బంటు కాపలాలో ఉంది. ఎదర గడీ అంతే. బంటు కదలదు. రాజుకు చెక్ లేదు, కదలడానికి గడి లేదు. అలాంటప్పుడు ఆట కట్టు కాదు, డ్రా.

నవ్వు ఆగిపోయింది. పావులు వెనక్కి పెట్టి మళ్లీ ఆడాడు. ఈసారి తెల్ల రాజు ఏనుగును కొట్టకుండా పక్కకు తప్పుకున్నాడు. ఏనుగు వెంటపడి మళ్లీ పక్కనే నిలిచింది. మళ్లీ చెక్. కొడితే డ్రా, కొట్టకపోతే వదలదు. పిచ్చెక్కిన ఏనుగు. గ్రాండ్‌మాస్టరుకు తట్టలేదు. పోయేపోయే ఆటను నిలబెట్టుకోవడం ఆ కుర్రాడి చేతిలోనే ఉంది, వాడికీ తట్టలేదు. మాస్టారు ఆమె వైపు తిరిగాడు.

"నీకు ఆటొచ్చా?"

"తొమ్మిదేళ్లుగా ఎదురుగానే కూర్చున్నాను కదండీ. మీరంతా అటు నుంచి చూస్తారు. నాకెప్పుడూ నల్లవే దగ్గర."

ఆయన ఇంకేదో అడిగేవాడే. గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. బల్ల మీద మరిచిపోయిన గుడ్డ కోసం కళ్లద్దాలాయన వెనక్కి వచ్చాడు. గుడ్డ తీసుకోబోతూ వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"ఈ ఏనుగు ఇక్కడికెలా వచ్చింది?" వేలితో తనే ఆడి చూసుకున్నాడు. ఒకసారి, రెండుసార్లు. "ఓరి నీ! ఇది డ్రా! మాస్టారూ, ఇది డ్రా కదా! ఎలా కనిపెట్టావయ్యా?"

మాస్టారు నోరు తెరిచాడు. కళ్లద్దాలాయన ముఖంలో అంతటి ఆశ్చర్యం ఆయన ముప్ఫై ఏళ్ల స్నేహంలో చూడలేదు. ఆ ముఖం తన వైపే తిరిగి ఉంది.

"ఊరికే చూస్తుంటే... తట్టింది," అన్నాడు.

కాజాలమ్మ సూది ఒక్క క్షణం గాలిలో ఆగింది. తర్వాత కింద పడిన దారపు ముక్క కోసం వంగి, అవసరమైన దానికంటే ఎక్కువసేపు వెతికింది.

తట్టింది అన్నానే గాని నాకు తట్టిందని అనలేదు కదా, అని ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ మాస్టారు అనుకున్నాడు. ఎవరికి తట్టిందో ఆ మాటలో లేదు. రేపు కళ్లద్దాలాయనతో నవ్వుతూ చెప్పేస్తే సరి. ఈ ఆలోచనతో నాలుగు వీధులు బాగానే నడిచాడు. అయిదో వీధిలో ఆమె దారపు ముక్క కోసం వంగిన తీరు గుర్తొచ్చి కాళ్లు నెమ్మదించాయి.

మంగళవారం కళ్లద్దాలాయన కనిపిస్తూనే, ఆ డ్రా సంగతి మాస్టారు పేరుతో రాసి రాత్రే పేపరు ఆఫీసులో ఇచ్చేశానని చెప్పాడు. ఆయన చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. "అంత తొందరేమొచ్చింది?" అనగలిగాడు మాస్టారు. కళ్లద్దాలాయన దాన్ని వినయం అనుకుని భుజం తట్టాడు.

బుధవారం పేపర్లో వచ్చింది. "గ్రాండ్‌మాస్టర్లు చూడనిది దర్జీ చూశాడు" అని పైన పెద్ద అక్షరాలు, కింద బొమ్మ, ఏనుగు వెళ్లాల్సిన దారికి బాణం గుర్తు. కండక్టరు పేపరు పట్టుకుని వీధి ఆ చివర నుంచే చదువుకుంటూ వచ్చాడు. కోటు కొలతలివ్వడానికి వచ్చిన బ్యాంకాయన చేతులు చాచి నిలబడి, "మీరేనా! నేను పొద్దున చదివాను," అన్నాడు. మాస్టారు టేపు ఆయన ఛాతీ చుట్టూ తిప్పి, అంకె చూసి, రాసుకునేలోపు మరిచిపోయాడు. మళ్లీ కొలిచాడు.

ఇంట్లో భార్య ఆ ముక్క కత్తిరించి అద్దం చట్రంలో గుచ్చింది.

"ఎన్నేళ్లు తిట్టాను మిమ్మల్ని ఆ ఆట పిచ్చికి! నాతో ఒక్క మాటైనా అనలేదేంటండీ?"

"అనడానికేముంది."

"అదే మీలో ఉన్న గుణం. చేసింది చెప్పుకోరు."

ఆయన చొక్కా విప్పుతున్నవాడు గుండీలు మళ్లీ పెట్టుకుని బయటి అరుగు మీదకు వెళ్లి కూర్చున్నాడు. గెడ్డం గీసుకోవాలన్నా ఇక ఆ అద్దం ముందే నిలబడాలి.

గురువారం పొద్దున ఆయన అందరికంటే ముందొచ్చి షాపు తెరిచాడు. తన బల్ల మీదికి వేలాడే దీపాన్ని తీగ పొడిగించి కాజాలమ్మ స్టూలు వైపు లాగాడు. ఇంటి దగ్గర్నుంచి తెచ్చిన దిండు ఒకటి స్టూలు మీద వేశాడు. ఆ వారం కుట్టాల్సిన మందపాటి గుడ్డ కోట్లు రెండు పక్కకు తీసి, ఆమె బుట్టలో పలుచటి చొక్కాలే పెట్టాడు.

ఆమె వచ్చి దీపం చూసింది. దిండు చూసింది. బుట్టలో చొక్కాలు తిరగేసి చూసింది.

"ఏంటి మాస్టారూ, ఇవాళ నేనేమన్నా చుట్టాన్నా?"

"కళ్లు పాడవుతాయని..."

"తొమ్మిదేళ్లకి గుర్తొచ్చాయా నా కళ్లు?"

మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది. ఆమె దిండు తీసి మడిచి ఇస్త్రీ బల్ల కింద పెట్టింది. పక్కకు తీసిన కోట్లు రెండూ మళ్లీ బుట్టలో వేసుకుంది. ఆ తర్వాత స్టూలు తిప్పి, బల్లకు వీపు పెట్టి, గోడ వైపు ముఖం చేసి కూర్చుంది.

"వెలుతురు ఇటు బాగుంది," అంది.

గోడకు కిటికీ కూడా లేదు.

ఆ మధ్యాహ్నం ఒంటిగంటకు యథాప్రకారం అట్ట పరిచారు. కండక్టరు అరిచాడు, కళ్లద్దాలాయన ఎదురు చెప్పాడు. మాస్టారు పావులు జరుపుతూ ప్రతి రెండు నిమిషాలకూ ఆ వీపు వైపు చూశాడు. నీలం రంగు రవికె మీద మెడ దగ్గర ఒక కుట్టు ఊడి ఉంది. మోచెయ్యి పైకి, కిందికి, పైకి, కిందికి. ఒక్కసారి కూడా తల తిరగలేదు. వరసగా మూడు ఆటలు ఓడిపోయాడు. "పేరొచ్చాక ఆట పోయింది!" అని కండక్టరు తొడ కొట్టి నవ్వాడు.

సాయంత్రం ఊరి చెస్ క్లబ్బు కార్యదర్శి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, మాట మెత్తగా ఉన్న మనిషి. శుక్రవారం సాయంత్రం అయిదింటికి క్లబ్బులో అందరి ముందూ పెద్ద బోర్డు మీద ఆ డ్రా చూపించాలని అడిగాడు. "గ్రాండ్‌మాస్టరుగారికి కూడా రాశాం. ఆయన జవాబు రేపటికి వస్తుంది," అన్నాడు.

కార్యదర్శి వెళ్లాక షాపులో ఇద్దరే మిగిలారు. ఆమె సంచి సర్దుకుంటోంది.

"రేపు నువ్వు కూడా క్లబ్బుకి రారాదూ?" అన్నాడు మాస్టారు.

"నేనెందుకండీ?"

ఇదే చోటు. ఎందుకో ఇప్పుడు చెప్పాలి. ఆ ఎత్తు నీది కనక, నేను తప్పు చేశాను కనక. ఆయన సుద్దముక్కను రెండు వేళ్ల మధ్య నలిపాడు. పొడి రాలింది.

"ఊరికే... చూడ్డానికి."

"చూడ్డం నాకలవాటేలెండి," అని ఆమె చెప్పులేసుకుంది. "రేపు ఆ కోట్లకి గుండీలున్నాయి."

శుక్రవారం నాటికి మాస్టారు ఒక వాక్యం తయారు చేసుకున్నాడు. "ఈ ఎత్తు నాది కాదు, మా షాపులో కాజాలు కుట్టే ఆమెది." ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుంటూ అనుకున్నాడు. క్లబ్బు మెట్లెక్కుతూ అనుకున్నాడు. ముందే చెప్పేస్తే ఎవరూ ఆట మీద దృష్టి పెట్టరు, అందుకని ఆట చూపించాక, చప్పట్లు కొట్టాక చెబుదామని నిశ్చయించుకున్నాడు. చప్పట్లు కొట్టాకే ఎందుకన్న ప్రశ్నను దగ్గరికి రానివ్వలేదు.

హాల్లో అరవై మంది దాకా ఉన్నారు. గోడకు నిలువెత్తు బోర్డు, దాని మీద కొక్కేలకు తగిలించిన రేకు పావులు. ముందు వరసలో కళ్లద్దాలాయన, కండక్టరు కొత్త పెళ్లివారిలా కూర్చున్నారు. మాస్టారు పొడుగాటి కర్రతో ఏనుగును తీసి తెల్ల రాజు పక్కన తగిలించాడు. హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చిన చప్పుడు. చప్పట్లు మొదలయ్యాయి.

చప్పట్లు ఆగకముందే కార్యదర్శి లేచి చేతిలోని కాగితం విప్పాడు.

"గ్రాండ్‌మాస్టరుగారి జవాబు వచ్చింది. చాలా అందమైన ఎత్తు అన్నారు. కానీ, రాజు అక్కడే తిరక్కుండా ఇటు, ఈ చివరి బంటు వైపు నడిచిపోతే..." ఆయన కర్ర అందుకుని తెల్ల రాజును ఒక్కో గడే నడిపించాడు. ఏనుగు చెక్, రాజు ఒక అడుగు. ఏనుగు చెక్, రాజు ఇంకో అడుగు. "ఇదిగో, ఇక్కడికొస్తే బంటు చాటున దాక్కుంటాడు. ఏనుగుకి ఇక చెక్ చెప్పే దారి లేదు. తర్వాత ఎత్తుకి మంత్రి ఆట కట్టిస్తుంది. దీనికేమంటారు మాస్టారూ?"

మాస్టారు బోర్డు వైపు చూశాడు. ఆ ఏనుగు ఎందుకలా వెళ్లిందో తనకు ఎప్పుడూ పూర్తిగా తెలియదని, తను చూసింది రెండు మూడు అడుగుల దూరమేనని అప్పుడర్థమైంది. అరవై మంది ఎదురుగా కర్ర పట్టుకుని నిలబడ్డాడు.

"దర్జీ కొలత పొట్టయింది," అన్నారెవరో వెనక నుంచి. నవ్వులు. చెడ్డ నవ్వులు కావు గాని నవ్వులే. కండక్టరు తల వంచుకుని తన చేతులు చూసుకుంటున్నాడు.

"పర్వాలేదండీ, చాలా పెద్ద ఆలోచనే," అన్నాడు కార్యదర్శి మెత్తగా. "అసలు మీకెలా తట్టింది?"

తయారు చేసుకున్న వాక్యం నాలుక చివరే ఉంది. ఈ ఎత్తు నాది కాదు. ఇప్పుడు ఆ మాటంటే ఏమవుతుందో మాస్టారుకు కనిపించింది. తప్పు కాజాలు కుట్టే ఆమె మీద తోసేశాడంటారు. ఇదే నవ్వు ఆమె మీదకు పోతుంది. నాలుగు రోజుల కిందట అయితే ఆ వాక్యం ఆమెకు కిరీటం. ఇప్పుడు అదే వాక్యం రాయి.

"నాదే పొరపాటు," అని కర్ర ఇచ్చేసి కిందికి దిగాడు.

ఇంటికి వెళ్లే దారిలో ఆయనకు ఆశ్చర్యంగా కొంచెం తేలికగా ఉంది. గెలుపు ఆమె దగ్గర లాక్కున్నాడు, నిజమే. ఓటమి తన నెత్తిన వేసుకున్నాడు. చెల్లుకు చెల్లు అయినట్టే కదా. నాలుగు రోజుల తర్వాత ఆ రాత్రి నిద్ర పట్టింది.

శనివారం పొద్దున ఆమె రాగానే, మిషన్ల వాళ్లు ఇంకా రాకముందే, మాస్టారు స్టూలు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. చెప్పడం ఇంత సులభమవుతుందని ఆయన అనుకోలేదు.

"నేను తప్పు చేశానమ్మా. నీ ఎత్తు నాదని చెప్పుకున్నాను. దానికి నిన్న తగిన శాస్తే జరిగింది." జరిగిందంతా చెప్పాడు. రాజు బంటు చాటుకు నడిచిపోవడం, కొలత పొట్టయిందన్న మాట, నవ్వులు. "కానీ నీదని మాత్రం అనలేదు. ఆ నవ్వులన్నీ నేనే పడ్డాను. నీ మీద ఈగ వాలనివ్వలేదు."

ఆమె ఆ మాటలకు కరుగుతుందని, ఒకవేళ ఏడుస్తుందేమోనని కూడా అనుకున్నాడు. ఆమె మైనపు ముక్క మీద దారం లాగుతున్న చెయ్యి ఆపి తలెత్తింది.

"ఎందుకనలేదు?"

"అంటే నిన్ను చూసి నవ్వేవాళ్లు కదా."

"నన్నడిగేవాళ్లు," అంది.

ఆమె లేచి బల్ల దగ్గరికి వచ్చింది. సుద్దముక్క తీసుకుని, కోటు గుడ్డ చివరి ముక్క మీద అడ్డం నిలువు గీతలు గీసింది. గుండీల డబ్బాలోంచి తెల్ల గుండీలు, నల్ల గుండీలు ఏరి పెట్టింది.

"రాజు ఆ బంటు చాటుకే పోతాడని నాకా రోజే తెలుసు. ఇంకెక్కడికి పోతాడు? వాడికున్న గోడ అదొక్కటే. ఇక్కడికొచ్చేదాకా రానివ్వాలి. ఇప్పుడు వెనక నుంచి చెక్ చెప్పకూడదు. ఏనుగు వెళ్లి ఈ బంటునే కొట్టాలి." నల్ల గుండీ జరిగింది. తెల్ల గుండీ ఒకటి పక్కకు వెళ్లింది. "కొట్టిన చోటి నుంచి చెక్ కూడా అవుతుంది. గోడే కూలిపోయాక దాక్కునేదేముంది? రాజు ఏనుగుని కొడితే డ్రా. కొట్టకపోతే మళ్లీ పరుగు."

మాస్టారు గుండీల వైపు చూస్తూ నిలబడ్డాడు. నిన్న కర్ర పట్టుకుని నిలబడ్డ బోర్డే అది. జవాబు అక్కడే, కళ్లెదురుగానే ఉంది.

"నిన్న నేనని చెప్పి ఉంటే ఎవరో ఒకరు నా దగ్గరికి వచ్చేవాళ్లు. వచ్చి అడిగితే ఇది చూపించేదాన్ని." గొంతు పెరగలేదు. "గెలుపొచ్చినప్పుడు మీదన్నారు. ఓటమొచ్చినప్పుడు నాది కాకుండా దాచారు. నా ఎత్తు నాకెప్పుడిస్తారు మాస్టారూ?"

ఆయనకు తల కొట్టేసినట్టయింది. రాత్రి హాయిగా పట్టిన నిద్ర గుర్తొచ్చి సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"మధ్యాహ్నం వాళ్లిద్దరూ వస్తారు. వాళ్ల ముందర చెప్పేస్తాను," అన్నాడు.

"వాళ్లకి తర్వాత చెప్పుకోండి. పోయింది ఎక్కడ పోయిందో అక్కడ ఇవ్వండి. క్లబ్బు రేపు పొద్దున తీస్తారా?"

"పదింటికి."

"అయితే నేనూ వస్తాను."

ఆ సాయంత్రం భార్యకు చెప్పడమే కష్టమైంది. ఆమె మధ్యలో ఒక్క ప్రశ్నా అడగకుండా విన్నది. విని, లేచి, అద్దం చట్రంలోంచి కాగితం ముక్క తీసి మడిచి ఆయన జేబులో పెట్టింది.

"రేపు ఇది ఆవిడకిచ్చి రండి," అని మాత్రం అని వంటగదిలోకి వెళ్లిపోయింది. చాలాసేపు లోపల గిన్నెలు గట్టిగా చప్పుడయ్యాయి.

ఆదివారం క్లబ్బులో నలభై మందికి తక్కువ లేరు. చాలామంది శుక్రవారం నాటి వాళ్లే. కండక్టరు, కళ్లద్దాలాయన ఓ మూల ఆడుకుంటున్నారు. మాస్టారును చూసి ఇద్దరూ జాలిగా నవ్వారు. వెనకే వచ్చిన కాజాలమ్మను చూసి నవ్వు ఆపారు.

మాస్టారు కార్యదర్శి చెవిలో రెండు మాటలు చెప్పి, ముందుకు వెళ్లి నిలబడ్డాడు. ఈసారి వాక్యం తయారు చేసుకోలేదు.

"మొన్న నేను చూపించిన ఎత్తు నాది కాదు. ఈమెది. మా షాపులో కాజాలు కుడుతుంది. సోమవారం నాడు ఈమె నాకు చెప్పింది. నేను నాదన్నాను. మొన్న మీరడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. ఈమె దగ్గరుంది."

హాల్లో గుసగుసలు లేచాయి. కళ్లద్దాలాయన కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. కండక్టరు నోటి వెంట ఆ పూట ఒక్క మాటా రాలేదు. వాళ్ల వైపు చూడలేక మాస్టారు అయిదో వరసలో ఖాళీ కుర్చీ చూసుకుని కూలబడ్డాడు.

కాజాలమ్మ కర్ర అందుకుంది. పై వరస అందక మునివేళ్ల మీద లేవాల్సి వచ్చింది. తెల్ల రాజును బంటు వైపు నడిపించింది. ఏనుగుతో ఆ బంటును కొట్టింది. రేకు పావు కొక్కెం నుంచి తీస్తుంటే టింగుమంది.

కార్యదర్శి బోర్డుకు దగ్గరగా వచ్చాడు. చాలాసేపు చూశాడు.

"సరే. రాజు అటు కాకుండా ఇటు, నల్ల రాజు మీదికే నడుచుకుంటూ వస్తే?"

కాజాలమ్మ కర్ర కిందికి దించింది. బోర్డు వైపు చూసింది. తర్వాత మెల్లగా తిరిగి హాలు వైపు చూసింది. అర నిమిషం గడిచింది. కుర్చీలు కిర్రుమన్నాయి. వెనక ఎవరో దగ్గారు.

అప్పుడు మాస్టారులో ఒక కోరిక లేచింది. ఆమెకు తెలియకపోతే బాగుండు. ఇక్కడ ఆగిపోతే బాగుండు. ఇద్దరం ఒకే చోట ఓడిపోయినవాళ్లమవుతాం. ఆ కోరిక ఆయన పిలవకుండానే వచ్చి, ఇంట్లో మనిషిలా కూర్చుంది. దాన్ని గుర్తుపట్టేసరికి ఆయనకు తనంటే భయమేసింది.

ఆమె బోర్డు వైపు తిరిగింది.

"ఇటొస్తే ఈ గడి దాటి అడుగెయ్యలేడండీ. రాజు పక్కన రాజు నిలబడకూడదు కదా. ఏనుగు వెనకనే ఉంటుంది. కొట్టడమో, వచ్చిన దారే పట్టడమో. ఎలా చూసినా డ్రానే."

కార్యదర్శి తనే మూడుసార్లు నడిపించి చూశాడు. తర్వాత కర్ర గోడకు ఆనించి, ఆమెకు రెండు చేతులూ జోడించాడు. ముందు వరసలో ఒకాయన లేచాడు. ఆ వెనక ఇంకొకరు. చప్పట్లు ఎప్పుడు మొదలయ్యాయో మాస్టారుకు తెలియలేదు. ఆయన చేతులు కూడా కొడుతున్నాయి, అందరికంటే ఆలస్యంగా.

పేపర్లో బుధవారం శీర్షికకు పంపడానికి కార్యదర్శి ఆమె చేతే ఎత్తులన్నీ రాయించుకున్నాడు. బయటికొచ్చేసరికి పన్నెండయింది. ఇద్దరూ బస్‌స్టాపు దాకా నడిచారు. ఎండ చురుక్కుమంటోంది. షెడ్డు కింద ఇంకెవరూ లేరు. మాస్టారు జేబులోంచి కాగితం ముక్క తీసి ఇచ్చాడు. ఆమె విప్పి, ఏనుగు దారికి వేసిన బాణం గుర్తు చూసి, మడిచి సంచిలో వేసుకుంది.

ఇంతటితో వెళ్లిపోవచ్చు. ఇవ్వాల్సింది ఇచ్చాడు. ఆయన రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి వచ్చాడు.

"ఇంకొకటుంది. అక్కడ నువ్వు ఆలోచిస్తూ నిలబడ్డప్పుడు... ఒక్క క్షణం... నీకు జవాబు తెలియకపోతే బాగుండనుకున్నాను."

ఆమె కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి.

"ఆలోచించలేదు మాస్టారూ. ఆ జవాబు నాకు సోమవారమే తెలుసు. మీ మొహం చూద్దామని ఆగాను."

ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"కనిపించింది," అంది ఆమె. "మీరు ఆ మాట చెప్పకుండా వెళ్లిపోతే రేపట్నుంచి షాపుకి రాకూడదనుకున్నాను."

దూరంగా మలుపులో బస్సు కనిపించింది. ఆమె సంచి భుజానికి తగిలించుకుంది.

"వస్తావా మరి?"

"వస్తాను. కానీ రెండడుగులు వెళ్లొచ్చాక చెప్పారు."

బస్సు ఆగింది. ఆమె ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. తిరిగి చూడలేదు. బస్సు కదిలిపోయాక కూడా మాస్టారు అక్కడే నిలబడ్డాడు. కాసేపటికి ఇంకో బస్సు వచ్చింది. ఎక్కుతాడేమోనని డ్రైవరు ఆపి ఆయన వంకే చూస్తున్నాడు. మాస్టారు కాదన్నట్టు చెయ్యి ఊపాడు. ఆ బస్సూ వెళ్లిపోయింది.